హెప్టన్‌స్టాల్ కొండ ఊరు: పొందూరు వైపు వాళ్ళకి ఒక రివ్యూ

లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి మన శ్రీకాకుళం నుంచి అమ్మానాన్నలు వెళ్తే, లండన్ చూపించేశాక ఇంకెక్కడికి తిప్పాలన్నది ఆ పిల్లలకి పెద్ద తలనొప్పి. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన ఇంటివాళ్ళయితే వెస్ట్ యార్క్‌షైర్‌లో ఉన్న హెప్టన్‌స్టాల్‌కి తీసుకెళ్ళండి. గేటూ టిక్కెట్టూ ఏమీ లేవు, ఊరే చూడాలి. కాకపోతే ఏ ఇంట్లో ఎటు చూడాలో తెలియకుండా వెళ్తే, "ఈ నల్లరాళ్ళ కొంపల కోసమా ఇంత దూరం తెచ్చావు?" అని అడిగించుకుంటారు.

ముందు దారి సంగతి. దిగాల్సింది హెబ్డెన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో. లీడ్స్ నుంచి హాలిఫాక్స్ మీదుగా మాంచెస్టర్ విక్టోరియా పోయే బండి ఎక్కాలి. హడర్స్‌ఫీల్డ్ మీదుగా పోయే ఫాస్ట్ బండి ఎక్కితే అది వేరే లోయలోంచి పోతుంది. స్టేషన్ నుంచి బజారు మధ్యకి పది నిమిషాల నడక. అక్కడ 1510 ప్రాంతంలో కట్టిన రాతి వంతెన ఉంది. దాన్ని దాటగానే కొండమీదికి నిటారుగా లేచే రాళ్ళ బాట కనిపిస్తుంది. దాని పేరు బట్రెస్. ఒకప్పుడు గుర్రాల మీద బట్ట మూటలు వచ్చిపోయిన దారి అదే. మెట్లు కావు, చిన్న రాళ్ళు పేర్చిన ఏటవాలు. సింహాచలం మెట్లెక్కిన మోకాళ్ళకి ఎక్కడం పెద్ద పని కాదు గానీ దిగడంలోనే ప్రమాదం ఉంది. వాన పడినా, ఆకులు రాలినా ఆ రాళ్ళు పాచిపట్టిన నూతిగట్టులా జారతాయి. హవాయి చెప్పులు వద్దు, నున్నటి తోలు అడుగున్న బూట్లూ వద్దు. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపుకుంటే మంచిది. తడిగా ఉన్న రోజయితే పౌరుషానికి పోకుండా కొండమీదికి తిరిగే చిన్న బస్సు ఎక్కండి. తిరుగు బస్సు టైము ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకోండి. సొంత కారుంటే ఊరి అంచున ఆపి నడవాలి. లోపలి వీధులు గుర్రాలకి వేసినవి, కార్లకి కాదు.

ఊరు కొండమీదే ఎందుకు పుట్టింది? లోయ అడుగంతా చిత్తడి, అడవి. అందుకని పాత రోజుల్లో రహదారులు కొండల మీదుగానే పోయేవి. పైన పొలం పలచన, పంట సరిగ్గా చేతికి రాదు. బతకడానికి ఇంటింటా గొర్రెబొచ్చు వడికి, నేసి, అమ్ముకున్నారు. 16వ శతాబ్దం మధ్యలో కట్టిన క్లాత్ హాల్, అంటే బట్టల సంత భవనం, ఇప్పటికీ వీధిలో ఉంది. తరువాత యంత్రాలొచ్చాయి. వాటికి మొదట ఏటి నీరు కావాల్సి వచ్చింది, ఆపైన బొగ్గు. కాలువ, 1841లో రైలు, రెండూ లోయలోంచే వచ్చాయి. మిల్లులు కిందికి దిగాయి, వాటి వెనకే జనమూ దిగారు. కింద హెబ్డెన్ బ్రిడ్జ్ పట్నమైంది, పైన హెప్టన్‌స్టాల్ ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. ఈ రోజు మనం చూసేదంతా అలా ఆగిపోవడం వల్ల మిగిలిందే.

ఇక అసలు చూడాల్సినవి కిటికీలు. వీధిలో నిలబడి పై అంతస్తు చూడండి. గోడ పొడుగునా వరసగా చిన్న చిన్న అద్దాలు, మధ్య మధ్య సన్నటి రాతి నిలువులు. కాపురానికి అంత వెలుతురు ఎవరికీ అక్కర్లేదు, చలిదేశంలో మరీను. అది మగ్గం గది. తెగిన పడుగు పోగు కనబడి ముడి వెయ్యాలంటే పగటి వెలుగు కావాలి. ఒకే పెద్ద కిటికీ పెడితే పైనున్న రాతి దూలం నడుమ విరిగిపోతుంది, అందుకే మూరకో నిలువురాయి పెట్టి బరువు దించారు. మన పొందూరు మగ్గం గుంటలో ఉంటుంది, కూర్చుని కాళ్ళతో తొక్కుతారు. వీళ్ళది చట్రం మగ్గం, మేడ మీద. గోడల నలుపు రాతి సహజమైన రంగు కాదు. అసలు రాయి లేత గోధుమరంగుది, లోయలోని మిల్లు గొట్టాల పొగకి అలా మాడింది. ఈ మధ్య శుభ్రం చేయించిన ఇల్లు ఒకటి పక్కన కనబడితే తేడా వెంటనే తెలుస్తుంది.

పని వరస కూడా తెలిసి ఉంటే ఊరు బాగా అర్థమవుతుంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద సన్నపోగు తీస్తారు. ఇక్కడ ఇనప తీగ పళ్ళున్న రెండు బల్లల మధ్య బొచ్చు దువ్వేవారు. ఒక మగ్గానికి నూలు అందించాలంటే వడికే చేతులు చాలా కావాలి, ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ దానికే సరిపోయేవారు. గొర్రెబొచ్చుకి జిడ్డుంటుంది. అది వదలడానికి నిలవ ఉంచిన మూత్రం వాడేవారు, అందులోని అమ్మోనియా కోసం. నేసిన బట్టని ఏటి ఒడ్డున నీటి చక్రంతో నడిచే రోకళ్ళ కింద దంపించి, మళ్ళీ పైకి మోసుకొచ్చి, పొలాల్లో కొయ్య చట్రాలకి కొక్కేలతో బిగించి ఆరబెట్టేవారు. లేకపోతే బట్ట ముడుచుకుపోతుంది. ఇక్కడ పాత ఇళ్ళని చూసి ముచ్చటపడేవాళ్ళు ఆ వాసన సంగతి ఎత్తరు.

చర్చి ఆవరణలో రెండు చర్చిలున్నాయి. పాతది 1847 తుపానుకి దెబ్బతింది, పక్కనే కొత్తది 1854కి లేచింది. పాతదానికి ఇప్పుడు గోడలే, కప్పు లేదు. నేలంతా సమాధి రాళ్ళు పరిచేసి ఉంటాయి, తొక్కకుండా నడవడం కుదరదు. మొహమాటపడకండి, అక్కడ అందరూ అలాగే నడుస్తారు. వాటిలో డేవిడ్ హార్ట్‌లీ సమాధి వెతకండి. బంగారు నాణేల అంచులు గీరి, నాణెం అంచుకి మళ్ళీ గీతలు పెట్టి చలామణీలోకి వదిలేసి, గీరిన పొడి కరిగించి దొంగ నాణేలు కొట్టిన ముఠాకి నాయకుడు. నేతపని దెబ్బతిన్న రోజుల్లో చాలామంది తమ మంచి నాణేలు గీరడానికి ఇచ్చి వాటా తీసుకున్నారు. పట్టుకోవడానికొచ్చిన పన్నుల అధికారి విలియం డైటన్‌ని 1769లో హాలిఫాక్స్‌లో కాల్చి చంపారు. హార్ట్‌లీని 1770లో యార్క్‌లో ఉరితీశారు. సందు అవతలి కొత్త శ్మశానంలో కవయిత్రి సిల్వియా ప్లాత్ సమాధి ఉంది. చాలామంది దానికోసమే వస్తారు. మన పెద్దవాళ్ళకి అది వదిలేసినా నష్టం లేదు.

1764 నాటి ఎనిమిది మూలల మెథడిస్టు చర్చి, వీధి పశువుల్ని కట్టేసిన బందెలదొడ్డి కూడా దగ్గరదగ్గరే ఉన్నాయి, ఒక చుట్టులో అయిపోతాయి. మ్యూజియం పాత బడి భవనంలో ఉంది. 1642లో పెట్టిన బడి అది, మూతపడ్డాక కొన్నాళ్ళు బ్యాంకు కూడా నడిచింది. ఏడాదంతా, వారమంతా తెరిచి ఉండదు, ముందే చూసుకుని వెళ్ళాలి. గుడ్ ఫ్రైడే రోజున వీవర్స్ స్క్వేర్‌లో పేస్ ఎగ్ అనే వీధినాటకం ఆడతారు. సెయింట్ జార్జ్ కత్తియుద్ధం, పడిపోయినవాణ్ణి వైద్యుడు వచ్చి లేపడం, అంతా పెద్ద గొంతులతో. మాట అర్థం కాకపోయినా కూర్చోబెడుతుంది గానీ, ఆ రోజు రద్దీకి చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ముందే చోటు చూసుకోవాలి.

తిండికి పైన పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. పబ్బుల్లో బల్ల దగ్గరికి ఎవరూ రారు, కౌంటరు దగ్గరే చెప్పి డబ్బు కట్టాలి. మధ్యాహ్నం దాటితే వంటగది కట్టేసే చోట్లూ ఉంటాయి. శాకాహారులకి కింద హెబ్డెన్ బ్రిడ్జ్ చాలా నయం. పులిహోర డబ్బా తెచ్చుకుంటే అసలు చింతే లేదు. బాత్రూమ్ పని కూడా కిందే చూసుకుని ఎక్కండి.

ఒక లోటు మాత్రం చెప్పాలి. వీధుల్లో ఎక్కడా మగ్గం చప్పుడు వినబడదు, ఆ ఇళ్ళన్నీ ఇప్పుడు మామూలు కాపురాలు. కిటికీల్లోకి తొంగిచూడటం, గుమ్మాల ముందు ఫోటోలకి నిలబడటం మానుకోండి. నేతపని వివరం ఇంకా కావాలంటే తిరుగు ప్రయాణంలో హాలిఫాక్స్‌లో దిగి పీస్ హాల్ చూడండి. 1779 జనవరి 1న తెరిచిన బట్టల సంత, చుట్టూ 315 గదులు, లోపలికి పోవడానికి రుసుము లేదు. ఈ కొండమీది నేతగాళ్ళు భుజాన మోసుకెళ్ళిన తానులు చివరికి అమ్ముడైంది అక్కడే. పైన చూసి కిందికి వస్తేనే అర్థమవుతుంది కాబట్టి ముందు హెప్టన్‌స్టాల్, తరువాతే హాలిఫాక్స్.