ది కొలంబియా (1949): పాటలకి ఫుల్ మార్కులు, ప్రచారానికి కటింగ్

డ్యామ్‌ల మీద పాత డాక్యుమెంటరీ అంటే నిద్ర గ్యారంటీ అనుకుంటాం కదా, ఇది మాత్రం కూర్చోబెట్టింది. బ్లాక్ అండ్ వైట్, ఇరవై నిమిషాల చిల్లర, అందులో అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ పాటలు. తీయించింది బోనవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్, అంటే అమెరికా వాయవ్యంలోని కొలంబియా నది డ్యామ్‌ల కరెంటు అమ్మే గవర్నమెంటు సంస్థే, సో ఇది యాడ్ అని ఫిక్సయి చూడండి. 1941లో గత్రీని నెలకి 266 డాలర్ల 66 సెంట్లకి పెట్టుకుంటే మనిషి 26 పాటలు రాసి పడేశాడు, ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చి సినిమా మూలనపడి 1949కి గానీ బయటికి రాలే.

అసలు మజా వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ నది మీదున్న గ్రాండ్ కూలీ డ్యామ్ దగ్గర. నది ఎక్కడో కింద పారుతుంటే ఎడారి భూములు పైనున్నాయి, మధ్యలో 280 అడుగుల ఎత్తు, ఆ డ్యామ్ కరెంటుతోనే నీళ్లు పైకి తోడి కాలవలకి వదలాలి, మన లిఫ్ట్ ఇరిగేషనే అనుకోండి. సినిమా వచ్చేనాటికి ఆ పెద్ద పంపులు ఇంకా తిరగనేలేదు! పది లక్షల ఎకరాలకి పైగా అని ప్లాన్ వేస్తే ఇవాల్టికీ తడిసేది మూడింట రెండొంతులే. అయినా సియాటిల్‌లో ఉన్న మనోళ్లు ఐ-90 హైవే మీద తూర్పుకి, నది ఒడ్డునున్న వాంటేజ్ ఊరు దాటి వెళ్తే ఆ పచ్చటి పొలాలు కనిపిస్తాయి, కాబట్టి ఉత్త కోతలని కూడా అనలేం.

1948 మేలో కొలంబియా వరదకి పోర్ట్‌లాండ్ పక్కనున్న వాన్‌పోర్ట్ ఊరు మునిగిన సీన్లు మాత్రం గట్టిగా తగుల్తాయి, చెక్క ఇళ్లు పునాదుల మీంచి లేచి ఒకదాన్నొకటి గుద్దుకుంటా కొట్టుకుపోతుంటాయి. ఇంకా డ్యామ్‌లు కట్టాలి అనడానికి ఆ వరదని వాడుకున్నారు. ఆ రోజు పొద్దున్నే కంగారు పడొద్దని జనానికి కాగితాలు పంచింది కూడా అధికారులే, అదీ గుర్తుపెట్టుకుని చూడండి. గ్రాండ్ కూలీకి చేపలెక్కే మెట్లు పెట్టలేదు, సాల్మన్ చేపలు పైకి రావడం బంద్, చేపల మీద బతికే అక్కడి ఆదివాసీ తెగలవాళ్లు చేపలు పట్టుకునే కెటిల్ ఫాల్స్ జలపాతం డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. ఆ గోడు ఈ సినిమాలో దొరకదు, వేరే చోట చదువుకోవాల్సిందే.

ఇంకో తమాషా, 1953లో ఈ రీళ్లు కాల్చేయమని పైనుంచి ఆర్డరొస్తే ఎల్మర్ బ్యూలర్ అనే ఉద్యోగి కాపీలు దాచేశాడట, 41లో గత్రీని కార్లో తిప్పింది కూడా ఆయనే.

5కి 3.5. వ్యాఖ్యానం మరీ న్యూస్ రీల్ గొంతు, బోర్ కొడితే ఫార్వర్డ్ చేస్కోండి, పాస్చర్స్ ఆఫ్ ప్లెంటీ పాట దగ్గర మాత్రం ఆగండి, పంట కోసి ఇంకో ఊరికి మూట సర్దుకునే కూలీల పాట అది.