వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ: చార్టు క్లాసు ఇచ్చిందేమిటి, ఇవ్వనిదేమిటి

సిలబస్, ఫీజులు, ఎంట్రన్సుల గురించి అందరూ చెప్పేదే కాబట్టి వాటి జోలికి పోను. నా ఎమ్మెస్సీ అయి మూడేళ్ళవుతోంది. ఆ చదువులో ఇప్పటికీ నా మనసులో నిలిచింది ఒక్కటే, చేత్తో చార్టు గీయించిన క్లాసు.

పెద్ద మ్యాపు మీద ఊరూరి పీడనం, గాలి, ఉష్ణోగ్రత అంకెలు వేసుకోవాలి. తర్వాత రెండేసి హెక్టాపాస్కల్‌ల (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తేడాతో, ఒకే పీడనం ఉన్న చోట్లను పెన్సిల్‌తో కలుపుకుంటూ పోవాలి. మొదటి నెలంతా గీసినదానికంటే చెరిపిందే ఎక్కువ. ఒకరోజు 2018 అక్టోబరు 10 సాయంత్రం అంకెలు, మర్నాడు ఉదయం అంకెలు ఇచ్చారు. చూడగానే గుండె ఝల్లుమంది. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది ఆ మర్నాడు వేకువనే.

మాది శ్రీకాకుళం జిల్లాలో కవిటి వైపు ఉద్దానం. ఆ రాత్రి మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి, కొబ్బరి తోట నేలకొరిగింది. అమ్మ తర్వాత ఎప్పుడూ ఒక మాట చెప్పేది. గాలి ముందు మాకు ఉత్తరాన ఉన్న ఇచ్ఛాపురం వైపు నుంచి కొట్టిందట, తెల్లారాక దక్షిణాన ఉన్న బారువ వైపు నుంచి తిరగబడి మిగిలిన చెట్లను పడేసిందట. అంత భయంలో దిక్కులేం తెలుస్తాయిలే అనుకునేదాన్ని. మా ఊరి అంకె ఆ చార్టులో ఉండదు. అంకెలుండే కళింగపట్నానికీ, ఒడిశాలోని గోపాలపూర్‌కీ మధ్య ఎక్కడో మేమున్నాం. అయినా రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి చూస్తే అమ్మ చెప్పిందే నిజం. మన అర్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. తుఫాను సముద్రంలో ఉన్నంతసేపూ మాకు ఈశాన్యం గాలి, అది మాకు పడమటగా నేల మీదికి వచ్చాక దక్షిణం గాలి. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "నేను ముందే చెప్పినాను గదే" అంది.

ఆ క్లాసులో ఇంకో మంచి అలవాటు చేశారు. ఒక ఊరి అంకె చుట్టుపక్కల ఊళ్ళతో పొసగకపోతే దాని చుట్టూ సున్నా చుట్టి, ముందు అనుమానించాలి. నేను తర్వాత దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు శ్రీకాకుళం జిల్లా మండలాల వర్షపాతం తీసుకున్నాను. ఒక ఆఫీసు నుంచి ఎక్సెల్‌లో రోజువారీ లెక్కలొచ్చాయి. 2.5 మిల్లీమీటర్లు దాటిన వాన రోజులెన్ని, 64.5 దాటిన భారీ వర్షాలెన్ని అని మూడు వారాలు కూర్చుని గ్రాఫులు వేశాను. ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న లాప్‌టాప్‌లోకి తొంగి చూసి, ఒక మండలం మీద వేలు పెట్టాడు. "ఏటమ్మా, తిత్లీ నాడు అక్కడ చుక్క వాన పడనేదా? గెడ్డ పొంగి మావయ్యోలింట్లోకి నీళ్ళొచ్చాయి గదా!"

చూస్తే 11కీ సున్నా, 12కీ సున్నా.

వానను రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి, అంతకుముందు ఇరవై నాలుగు గంటల లెక్కను ఆ తేదీ కింద రాస్తారు. ఆ రెండు ఉదయాలూ చెట్లు పడిన దారిలో కొలిచే మనిషి వెళ్ళలేకపోయి ఉంటాడు. ఖాళీగా ఉండాల్సిన గడిలో తర్వాతెవరో సున్నా కొట్టి ఉంటారు. వాన పడకపోవడం వేరు, కొలవకపోవడం వేరు. పెద్ద వాన రోజులన్నీ పక్క మండలాలతో పోల్చి వెతికితే అలాంటివి ఇంకా తొమ్మిది దొరికాయి. మొత్తం లెక్క మళ్ళీ చేశాను. సబ్మిషన్ ముందు ఆ పది రోజుల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

నా కోపం ఆ ఎక్సెల్ మీద కాదు. కాగితం మీద అంత శ్రద్ధగా నేర్పిన సంగతిని కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ గుర్తు చేయలేదు. లెక్కల్లో ఖాళీలుంటే ఏం చేయాలన్నది ఒక్క క్లాసులోనూ రాలేదు. ఈ లెక్కలకు వాడే పైథాన్ ప్రోగ్రామింగును సీనియర్ల దగ్గరా, వీడియోల్లోనూ నేర్చుకున్నాను. చార్టు క్లాసును ఇంత పొగిడాను కానీ, అది ఉన్నది ఒక్క సెమిస్టరే. ఇప్పుడు గాలి నమూనాలు తీసే ఉద్యోగం చేస్తున్నాను. ఈ మూడేళ్ళలో పెన్సిల్ పట్టలేదు. ఫిల్టర్ కాగితాన్ని ముందూ తర్వాతా తూచి, గాలిలో దుమ్ము ఎంతుందో లెక్కగడతాం. మధ్యలో కరెంటు పోతే ఎన్ని గంటలు పోయిందో రాస్తాను, ఆ గంటల్ని అంచనాతో పూడ్చను.

మా అక్క కూతురు ఈ కోర్సులో చేరనా అని అడుగుతోంది. నాకు డిగ్రీలో ఫిజిక్స్, మేథ్స్ ఉన్నాయి. విశాఖలో చిన్నాన్న ఇంట్లో ఉండి చదివాను కాబట్టి హాస్టల్ ఖర్చూ లేదు. చదువైన ఎనిమిది నెలల వరకూ జీతం లేకపోయినా ఇంట్లో నడిచింది. తను బైపీసీ, ఇంట్లో పెద్దపిల్ల. ద్రవగతి సమీకరణాల (గాలి, నీరు కదిలే తీరును చెప్పే లెక్కలు) పుస్తకం ఒకటి ఇచ్చి, సంక్రాంతి వరకూ చదివి చూసుకోమన్నాను.