పోకెమాన్ లెజెండ్స్ జెడ్-ఏ: పోరు మారింది, ఊరు మాత్రం ఒక్కటే

1996లో జపాన్‌లో మొదలైన పోకెమాన్ వీడియో గేముల ప్రధాన వరుసలో ఇరుపక్షాలూ వంతులవారీగా దాడి చేయడమే ఆనవాయితీ. 2025 అక్టోబరులో వచ్చిన ఈ లెజెండ్స్ జెడ్-ఏ ఆట దాన్ని పక్కనపెట్టి, మన పోకెమాన్ (మనం పట్టి, పోరుకు దించే జీవి) ఎక్కడ నిలబడింది, వాడిన దాడి మళ్లీ ఎప్పటికి సిద్ధమవుతుంది అన్నది చూసుకుంటూ అప్పటికప్పుడు పోరాడమంటుంది. అడవి పోకెమాన్ మీదికి దూకినప్పుడు మనమే పక్కకు దొర్లి తప్పించుకోవాలి. ఈ మార్పు నాకు ఎంతగానో నచ్చింది.

కథ మాత్రం లూమియోస్ అనే కల్పిత నగరం దాటదు. ఒకే తీరు మేడలు, వీధులు చూసిచూసి కొంతసేపటికి విసుగొస్తుంది. పాత్రలకు గొంతు కూడా లేదు, మాటలన్నీ తెరమీద చదువుకోవాల్సిందే. తెలుగు లేదు కాబట్టి, కడపలో మా మేనల్లుడు ఆడుతున్నంతసేపూ ఇంగ్లీషు సంభాషణలకు నేను పక్కన కూర్చుని అర్థం చెప్పాల్సి వచ్చింది. పోరాటాలకు మాత్రం వాడికి నా అవసరమే రాలేదు.