ఫ్రీరెగ్: ఇంగ్లండు పల్లె చర్చి రిజిస్టర్లలో వెతకాలంటే

విశాఖ వన్‌టౌన్ పాత యూరోపియన్ శ్మశానంలో రాళ్ల మీది పేర్లు పట్టుకుని, వాళ్లు ఇంగ్లండులో ఏ పల్లె నుంచి వచ్చారో ఆరా తీసేవాళ్లకు ఫ్రీరెగ్ వెబ్‌సైటు బాగా పనికొస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అడగదు. అక్కడి పేరిష్ రిజిస్టర్లలోని బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల వివరాలను వాలంటీర్లు టైపు చేసి పెట్టారు. అసలు పేజీ ఫొటో కనిపించదు కాబట్టి దొరికింది ఆచూకీయే, రుజువు కాదు.

పేరిష్ అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊళ్ల పరిధి, మన ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లు 'విచారణ' అనేదాని లాంటిదే. కాకపోతే 1894 చట్టంతో పేరిష్ కౌన్సిళ్లు వచ్చేదాకా పల్లెల్లో ఊరి వ్యవహారాలూ కొన్ని దాని చేతిలోనే ఉండేవి. ఒక్కో పేరిష్ కింద శివారు పల్లెలు నాలుగైదు ఉండొచ్చు. శివారు పేరు కొడితే ఏమీ రాదు. చర్చి ఉన్న ఊరి పేరు కొట్టాలి. చుట్టుపక్కల ఊళ్లూ కలిపి వెతికే టిక్ ఒకటుంది, అది పెట్టుకుంటే మేలు.

1813 నుంచి బాప్తిస్మాలకు అచ్చు ఫారం, పేజీకి 8 నమోదులు: బిడ్డ పేరు, తల్లిదండ్రులు, నివాసం, తండ్రి పని, పాదిరి పేరు. పుట్టిన తేదీకి గడే లేదు! నలుగురు పిల్లలకు ఒకేరోజు ఇప్పించిన ఇళ్లూ ఉన్నాయి, ఆ ఏడాదినే పుట్టిన ఏడాది అనుకుంటే తప్పులో కాలేసినట్టే. అన్నిటికన్నా సరుకున్నది 1837 జులై 1 నుంచి మారిన పెళ్లి రిజిస్టరు. ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు అందులో ఉంటాయి. వయసు దగ్గర 'ఫుల్ ఏజ్' అంటే 21 నిండాయని మాత్రమే.

పలుకుబడి కలిసే పేర్లన్నీ వెతికిపెట్టే సౌండెక్స్‌ని మరీ నమ్ముకోవద్దు. అది మొదటి అక్షరాన్ని మార్చదు. హ-కారం మింగేసే పల్లె నోట హారిస్ కాస్తా ఆరిస్ అవుతాడు, రాసేవాడు విన్నట్టే రాస్తాడు. రెండూ వెతకండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) కౌంటీకీ సైటులోకి ఎక్కింది వేరు. ఆ ఊరి పేజీలో ఏయే ఏళ్లు ఎక్కాయో చూడకుండా "మనిషి లేడు" అనేయకూడదు.

1805లో విశాఖకొచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్ల కోసమైతే ఆశ తక్కువ. వాళ్లలో ఎక్కువమంది చాపెల్ కుటుంబాలవాళ్లు, అంటే ఇంగ్లండు అధికారిక చర్చిలో చేరకుండా వేరే ప్రార్థనాలయాలకు వెళ్లేవాళ్లు. 1837కు ముందరి చాపెల్ రిజిస్టర్లు చాలావరకు లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇక్కడ పోయినవాళ్ల మరణ వివరాలకు ఫిబిస్ (బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల చరిత్ర చూసే సొసైటీ) డేటాబేస్ చూడండి, అదీ ఉచితమే.