సంక్రాంతి సెలవుల ముందు మా ఊరి బడి

మా అమ్మాయి మూడో తరగతి చదువుతున్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు సంక్రాంతి సెలవుల ముందు వారం వెళ్లి, ఒక పూట తరగతిలో కూర్చున్నాను. ఉపాధ్యాయురాలు నేల మీద వరుసకు 7 చుక్కల చొప్పున 7 వరుసల ముగ్గు చుక్కలు పెట్టించి మొత్తం ఎన్నని అడిగినప్పుడు, ఏడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తడబడే మా అమ్మాయి వరుస వరుసకూ వేలు ఆనించి, 7 కలుపుకుంటూ 49 అని చెప్పింది. బట్టీ పట్టించడం కంటే ఇది ఎంతో మేలైన పద్ధతి. భోగి నాడు ఇంట్లో చేసే పనుల గురించి పెద్దలను అడిగి పది వాక్యాలు రాసుకు రమ్మనడం కూడా నాకు బాగా నచ్చింది. మధ్యాహ్న భోజనం వేడిగా, రుచిగా ఉంది. అయితే కిటికీకి రెక్క లేనందున పొద్దుటి చలిగాలికి వెనుక వరుస పిల్లలు ముడుచుకుని కూర్చుంటున్నారు. సెలవులు ముగిసేలోగా దాన్ని బాగుచేయించాలి.