చిన్న పట్టణానికి ఏది మేలు: కలెక్టరేటా, కాలువా, హైవేనా, ఆసుపత్రా?

నల్లగొండ జిల్లాలోని మా దేవరకొండ వాళ్లు నలుగురు హైదరాబాద్‌లో ఏ ఫంక్షన్ హాల్లో కలిసినా, చెయ్యి కడుక్కునే లోపే ఒక మాట వస్తుంది: "2016ల మనకు జిల్లా వచ్చుంటే ఊరు ఇట్లుండకపోవు." పక్కనున్న పెద్దాయన ఊరుకోడు. "జిల్లా ఏం జేస్తది తమ్మీ, కాలువ రావాలె" అంటాడు. సాగర్ రోడ్డు మన బస్టాండు ముందు నుంచి పోయుంటే చాలనేవాడు ఇంకొకడు. ఎవరి మాట వాళ్లదే. పక్క ఊళ్లను ఎదురుగా పెట్టి చూసేవాళ్లు మాత్రం తక్కువ. చూడటానికి దూరం పోనక్కర్లేదు. కలెక్టరేటు దక్కిన ఊరు వనపర్తి, కాలువ దక్కింది మిర్యాలగూడకు, హైవే దక్కింది జడ్చర్లకు. ప్రాజెక్టు కోసమే పుట్టిన నాగార్జునసాగర్ కాలనీలు మా ఊరికి దగ్గరలోనే ఉన్నాయి.

ముందు, ఊరు పడిపోయిందంటే ఏం పడిపోయిందో తేల్చుకోవాలి. దేవరకొండకు ఇవాళ కొత్తగా వచ్చినవాళ్లకు ఈ బాధ అర్థం కాదు. ఊరి చుట్టూ ప్లాట్లు, కొత్త ఇళ్లు, ఫంక్షన్ హాళ్లు, సందుకో సెల్‌ఫోన్ షాపు కనిపిస్తాయి. ఇళ్లు తగ్గలేదు. ఈ ఊరికి రాక తప్పని జనం తగ్గారు. తాలూకా ఉన్న రోజుల్లో చందంపేట అడవి అంచు తండా నుంచైనా, చింతపల్లి నుంచైనా కచేరీ పని పడితే ఇక్కడికే రావాలి. పొద్దున బస్సు దిగినవాడికి సాయంత్రం దాకా పని కాదు. ఆ మధ్యలో హోటల్లో తింటాడు, బట్టల షాపుకు పోతాడు, ఆముదాలు తెచ్చి ఉంటే అడ్తి దుకాణంలో పోసి పైసలు తీసుకుంటాడు. బజారు బతికింది ఆ సాయంత్రం దాకా ఆగే మనిషి మీదే.

1984లో పటేల్, పట్వారీలు పోయారు. 1985 మే 25న మండలాలు వచ్చాయి. డిండి, చింతపల్లి, చందంపేట, పెద్దఅడిశర్లపల్లి, దేనికది ఆఫీసు పెట్టుకుంది. ఊళ్ల జనానికి అది మేలే. ఒక సర్టిఫికెట్ కోసం రోజు కూలి పోగొట్టుకునే బాధ తప్పింది. ఆ మేలుకు ధర కట్టింది మాత్రం తాలూకా బజార్లు. 2016లో కొండమల్లేపల్లి, నేరేడుగొమ్ము కూడా మండలాలయ్యాయి. ఆముదాల జాగాలో పత్తి వచ్చింది. పత్తి బండికి పాత బజారుతో పనిలేదు, నేరుగా రోడ్డు మీది జిన్నింగ్ మిల్లుకు పోతుంది. అడ్తి దుకాణం షట్టరు వేసిన చోట ఇప్పుడు ఏ ఫైనాన్స్ ఆఫీసో ఉంటుంది.

అందుకే నాలుగింటినీ నేను ఒక్క ప్రశ్నతోనే చూస్తాను. దానికోసం బస్సు దిగేది ఎవరు, వాళ్లు మళ్లీ మళ్లీ రావాల్సిందేనా, వాళ్ల పైసలు ఊళ్లో తిరుగుతాయా?

కలెక్టరేటుతో మొదలుపెడదాం. అందరి నోటా ఉన్నది అదే కదా. వనపర్తికి మాతో చాలా పోలికలున్నాయి. అదీ పాత కేంద్రమే, సంస్థానం ఏలిన ఊరు. అదీ పెద్ద దారి మీద లేదు. 44వ నంబరు హైవే మీద పెబ్బేరు దగ్గరో కొత్తకోట దగ్గరో దిగి లోపలికి పోవాలి. రైలుదీ అదే కథ. 'వనపర్తి రోడ్' స్టేషన్ ఊళ్లో కాదు, మదనాపురంలో ఉంది. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటైనప్పుడు మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, గద్వాలతో పాటు వనపర్తి జిల్లా అయింది. మరి బాగుపడిందా? జిల్లా పేరు వినగానే మొదట పెరిగింది భూమి ధర. భూమి ఉన్నవాళ్లకు అది పండగ. ఇల్లు కట్టుకుందామనుకున్న చిన్న ఉద్యోగికి టెన్షన్. కొత్త కలెక్టరేటు 2022 మార్చి 8న మొదలైంది, అదీ పాత బజారు నడుమ కాదు. అన్ని శాఖలూ ఒకే భవనంలో ఉండటం పని మీద వచ్చేవాళ్లకు సుఖమే. కానీ వచ్చినవాడు గేటు ముందే ఆటో దిగి, గేటు ముందే టీ తాగి, అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాడు. ఉద్యోగుల్లో కొందరైతే కుటుంబాన్ని పిల్లల చదువుకని పట్నంలో పెట్టి, శుక్రవారం సాయంత్రం బస్సెక్కేస్తారు. జీతం పడేది ఇక్కడ, ఖర్చయ్యేది వనస్థలిపురంలో. కొత్త జిల్లా కేంద్రం ఏదైనా ఇదే వరస.

వనపర్తిని నిలబెట్టింది అంతకుముందే ఉన్న చదువని నా నమ్మకం. రాజుగారి ప్యాలెస్‌లో 1959లోనే పాలిటెక్నిక్ కాలేజీ పెట్టారు. పాలమూరు జిల్లా నలుమూలల నుంచి పిల్లలు అక్కడ గదులు కిరాయికి తీసుకుని చదివారు. గదికి కిరాయి, మెస్సుకు బియ్యం, సైకిల్‌కు పంక్చరు, పరీక్షలకు పెన్నులు. కలెక్టర్ లేని ఆ దాదాపు అరవై ఏళ్లలో ఊళ్లోకి పైసలు ఇట్లాగే చిన్న చిన్నగా, ఆగకుండా వచ్చాయి. ఇప్పటి గురుకులాలతో ఆ లాభం రాదు. పిల్లలకు మంచివే, కాదనను. అయితే గేటు లోపలే తిండి, బట్ట, పుస్తకం అన్నీ ఇచ్చే చోట ఊరికి మిగిలేది తల్లిదండ్రులు చూడవచ్చే రోజు అమ్ముడుపోయే అరటిపళ్లు, బిస్కెట్ ప్యాకెట్లు.

ఇక కాలువ. దీని ముందు మిగతావన్నీ చిన్నవే, ఒప్పుకోక తప్పదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ ప్రాంతం మొత్తం వరి అయింది. వరి అంటే ఒక్క రైతే కాదు. కోత మిషను, ట్రాక్టరు, మిల్లు, హమాలీ, గన్నీ సంచి, లారీ, వెల్డింగ్ షాపు, బ్యాంకు, ఎరువుల దుకాణం అన్నీ దాని వెనకే వచ్చాయి. కోతల రోజుల్లో సన్నవడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు రోడ్డు పొడవునా బారులు తీరతాయి. ఆ బారులో రాత్రంతా నిలబడ్డ రైతు తిట్టుకుంటాడు, నిజమే. కానీ ఆ రాత్రి హోటలు మూసుకోదు. మా వైపు కూలీ పని కోసం బయటికి పోతుంటే అక్కడి మిల్లుల్లో బస్తాలు మోయడానికి బీహార్ నుంచి వస్తున్నారు. ఒకే పాత నల్లగొండ జిల్లా, నడుమ రెండు గంటల దారి కూడా లేదు.

ఈ కాలువ అడిగితే వచ్చేది కాదన్నదే చిక్కు. నీళ్లు పల్లానికి పోతాయి. మా నేల డ్యామ్‌కు ఎగువన, ఎత్తు మీద ఉంది. ఎత్తిపోస్తే తప్ప ఎక్కవు. ఏలేశ్వరం లాంటి ఊరు సాగర్ నీళ్లలో మునిగింది మా దిక్కే, పారింది మాత్రం కింద. ఇంకో సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌కు కృష్ణా మంచినీళ్లు ఎక్కేది కూడా మా పక్కనుంచే, పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా. పట్నంలో స్థిరపడ్డ దేవరకొండ మనిషి నల్లా తిప్పితే వచ్చేవి సొంతూరి పక్కగా పోయిన నీళ్లే. మోటార్లు లేకుండా శ్రీశైలం నీళ్లను దించుతామని తవ్వుతున్న ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. ఆ పని దశాబ్దాలుగా సాగుతుంటే, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. కాలువ కోసం ఊరిని కాచుకుని కూర్చోమని ఏ కుర్రాడికీ నేను చెప్పలేను. పైగా శ్రీశైలం నిండని ఏడాది సాగర్‌కు నీళ్లు దిగవు. అప్పుడు యాసంగికి ఎడమ కాలువ కింద పొలాలూ బీడే. అయితే మిర్యాలగూడకు ఒక చెడ్డ ఏడాదిని ఓర్చుకునే నిల్వ ఉంది, మాకు లేదు.

కాలువను, ప్రాజెక్టును ఒకటే అనుకునేవాళ్లు నాగార్జునసాగర్ హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వెళ్లి చూడాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక ఇంజనీర్లకు, సిబ్బందికి వరసగా క్వార్టర్లు, బడి, ఆసుపత్రి వచ్చాయి. ఆ రోజుల్లో దేవరకొండ పిల్లలకు సాగర్ అంటే పట్నం కింద లెక్క. డ్యామ్ పూర్తయింది, పని అయిపోయింది, మనుషులు బదిలీ మీద పోయారు. 2018లో నందికొండ పేరుతో మున్సిపాలిటీ అయింది గానీ, మున్సిపాలిటీ బోర్డు ఉపాధి ఇవ్వదు. గేట్లు ఎత్తిన వారం హైదరాబాద్ కార్లన్నీ అక్కడే ఉంటాయి. ఫొటో దిగుతారు, చేపలు తింటారు, చీకటి పడేలోపు వెనక్కి. మా ఖిల్లాను టూరిజం చేస్తే చాలనే మిత్రులకు ఇంతకన్నా ఎక్కువ చెప్పను.

హైవే దగ్గరికి వస్తే, జడ్చర్ల పేరు చెప్పి ఆశపెడతారు. జడ్చర్ల ఒట్టి హైవే ఊరు కాదు. బాదేపల్లి మార్కెట్ పాతది, రైలు ఉంది. బెంగళూరు పోయే 44వ నంబరు రోడ్డుకు కోదాడ వైపు పోయే 167 అక్కడ కలుస్తుంది. తర్వాత పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు వచ్చాయి. గదుల కిరాయిలు, మెస్సులు, షేర్ ఆటోలు వాటి వల్లే. అక్కడ భూములు పోయిన రైతుల గోడు వేరే చెప్పుకోవాలి, దాన్ని ఈ లాభంలోంచి తీసివేయకుండా లెక్క చెప్పడం అన్యాయం. మరి ఊరికి మేలు చేసింది రోడ్డు కాదు, రోడ్లు కలిసే చోటు. నాలుగు వరుసల రోడ్డు ఊరిని తప్పించి పోయిన చోటైతే ఎక్స్‌ప్రెస్ బస్సు లోపలికే రాదు, అర్ధరాత్రి బైపాస్ మీద దింపేసి పోతుంది.

మా దగ్గర ఈ మాట చిన్న రూపంలో ఎప్పుడో నిజమైంది. హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు కొండమల్లేపల్లి మీదుగా, శ్రీశైలం రోడ్డు డిండి మీదుగా పోతాయి. దేవరకొండ రెంటి నడుమ మిగిలిపోయింది. పది కిలోమీటర్లు కూడా లేని కొండమల్లేపల్లి, ఒకప్పుడు బస్సు మారడానికి దిగే చౌరస్తా, ఇప్పుడు వ్యాపారంలో మాతో పోటీ. కోటా, తాలూకా, కోర్టూ ఏవీ లేని ఊరు అది.

ఇక నేను ఎవరి నోటా వినని నాలుగోది, ఆసుపత్రి. 2022 నవంబరు 15న ఒకేసారి మొదలైన ఎనిమిది ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో వనపర్తి, నాగర్‌కర్నూల్ ఉన్నాయి. జిల్లాకొకటి అన్న విధానం వల్ల వచ్చాయి. కాబట్టి జిల్లా కావాలనే పెద్దమనిషి వాదనకు బలం ఇక్కడ ఉంది, కలెక్టర్ బంగ్లాలో కాదు. రోగి ఒక్కడే రాడు. వెంట ఇద్దరు వస్తారు. టెస్టుకు ఇవాళ, రిపోర్టుకు రేపు, వారానికి చూపించుకోవడానికి మళ్లీ. మందుల షాపు, ల్యాబు, టిఫిన్ బండి, పండ్ల బండి, రాత్రికి గది. తాలూకా కచేరీ చుట్టూ ఒకప్పుడు తిరిగిన మనిషి ఇవాళ తిరిగేది ఆసుపత్రి చుట్టూనే. ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ వస్తుంది, పురుడు పోయదు. పైగా మహిళలకు బస్సు ఉచితమైన 2023 డిసెంబరు నుంచి చీరల కోసం ఆడవాళ్లు నల్లగొండకో పట్నానికో నేరుగా పోవడం సులువైంది. బట్టల దుకాణం ఆ గిరాకీని పోగొట్టుకుంటుంది. అదే బస్సు తండా నుంచి గర్భిణిని ఊళ్లోకి తెస్తుంది, ఇక్కడ డాక్టరుంటే.

కాబట్టి నా వరస ఇది. దొరికితే కాలువ, దానికి సాటి లేదు. దొరకనప్పుడు ఆసుపత్రి, దాని పక్కన బయటి గదుల్లో ఉండి చదివే కాలేజీ. ఆ తర్వాత రోడ్లు కలిసే చోట మార్కెట్. కలెక్టరేటు చివర, అదీ ఊరి మధ్యలో కడితేనే. దేవరకొండలో ఏరియా ఆసుపత్రి ఉంది, కోర్టు ఉంది, బస్ డిపో ఉంది. జిల్లా కోసం ఇంకో కమిటీ వేసే బదులు, ఉన్న ఆసుపత్రిలో పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు, స్కానింగ్ రాత్రి కూడా ఉండేలా పట్టుబట్టడం తేలిక. నల్లగొండకో హైదరాబాద్‌కో రాసి పంపే ప్రతి కేసుతో ఒక కుటుంబం ఖర్చు కూడా అంబులెన్స్ ఎక్కుతుంది. ఊళ్లో మడిగెలు కడదామని అడిగే బంధువులకూ ఇదే చెబుతున్నాను. బైపాస్ పక్కన కొన్న ప్లాటు అమ్ముకునేటప్పుడు లాభం ఇస్తుందేమో, నెల నెలా కిరాయి కావాలంటే ఆసుపత్రికి నడిచిపోయే దూరంలో కట్టండి.