పాత శక్తిమాన్‌కు టర్బో: నల్లగొండ షెడ్డు పని ఎలా ఉందంటే

వేలంలో కొన్న మా మిలిటరీ శక్తిమాన్ లారీ, జబల్‌పూర్‌లో తయారైన ఆరు సిలిండర్ల బండి, లోడుతో శ్రీశైలం డ్యామ్ దగ్గర నుంచి ఈగలపెంటకు ఎక్కాలంటే నల్లపొగ కక్కుతూ రెండో గేరులోనే ఆయాసపడేది. నల్లగొండలో ఒక షెడ్డులో టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం, పెట్టించాను. మేస్త్రీ తొందరపడలేదు. ముందు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూశాడు, పాత ఇంజిన్ కదా అని బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, 7 పీఎస్‌ఐ దాటనివ్వలేదు, సైలెన్సర్‌లోకి పోయే గాలి వేడి చూపించే మీటర్ కూడా బిగించాడు, అది లేకుండా పంపులో డీజిల్ పెంచితే వేడి ఎక్కువై పిస్టన్లు కరగొచ్చు.

ఒక్క తప్పు జరిగింది. టర్బో నుంచి ఆయిల్ చాంబర్‌లోకి దిగే పైపును సరైన వాలు లేకుండా వేశారు. వారానికే నీలం పొగ, టర్బో కింద ఆయిల్ తడి. తీసుకెళ్తే విసుక్కోకుండా సరిచేశారు, పైసా అడగలేదు.

ఇప్పుడు అదే ఘాట్ మూడో గేరులో ఎక్కుతోంది. ఇంజిన్ ఆపేముందు మాత్రం రెండు నిమిషాలు స్లోలో ఉంచండి, టర్బో బేరింగ్ చల్లబడాలి.